రొయ్యల గుంటల దారికి చిన్న బండి: ట్రయల్ నుంచి ఫస్ట్ సర్వీసు దాకా ప్రాజెక్టు డైరీ

పని ఏంటంటే

నెల్లూరు టౌను నుంచి మైపాడు రోడ్డు పట్టుకుని, ఇందుకూరుపేట దాటి రొయ్యల గుంటల మీదికి రోజూ వెళ్లొచ్చే మనిషికి ఒక చిన్న బండి చూడాలి. రానుపోను 50 కిలోమీటర్ల లెక్క. ఎక్కువ భాగం తారు రోడ్డే, చివర్లో మాత్రం మట్టి గట్టు. వెనకాల ఒకోసారి మనిషి ఎక్కుతాడు, ఒకోసారి 25 కిలోల మేత బస్తాలు ఎక్కుతాయి. నడిపే మనిషి ఎత్తు ఐదు అడుగుల నాలుగు అంగుళాలు, బరువు 65 కిలోలు. గాలిలో ఉప్పు, నేలలో ఉప్పు. వానాకాలం గట్టు మీద బురద జిడ్డులా పట్టుకుంటుంది.

ఇవన్నీ ముందే కాగితం మీద రాసుకుని పోవాలి. షోరూములో అడుగుపెట్టాక మాట మైలేజీ మీదికి, ఈఎంఐ మీదికి, మీటరులో బ్లూటూత్ మీదికి మళ్లుతుంది. గట్టు మీద బండి వెనక్కి తిప్పుకోగలమా అన్న సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు. అది ఎత్తాల్సింది కొనేవాడే.

కాగితం మీద మిగిలినవి

నాలుగు బండ్లు జాబితాలో ఉన్నాయి. హీరో స్ప్లెండర్ ప్లస్: 97.2 సీసీ, 112 కిలోలు, సీటు ఎత్తు 785 మి.మీ., ట్యాంకు 9.8 లీటర్లు, 18 అంగుళాల చక్రాలు. హోండా షైన్ 100: 98.98 సీసీ, 99 కిలోలు, సీటు 786 మి.మీ., ట్యాంకు 9 లీటర్లు, 17 అంగుళాల చక్రాలు. బజాజ్ ప్లాటినా 110: 115.45 సీసీ, ఐదు గేర్లు, 11 లీటర్ల ట్యాంకు. టీవీఎస్ రైడర్ 125: 124.8 సీసీ, పవర్ 11.38 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 123 కిలోలు, సీటు 780 మి.మీ.

పవర్ అంకెల మీద పెద్దగా కూర్చోలేదు. గట్టు మీద 15, 20 కిలోమీటర్ల వేగమే ఎక్కువ, రోడ్డు మీద 50. ఆ పనికి 8 పీఎస్ సరిపోతుంది. ఇక్కడ అసలు చూడాల్సింది బరువు, చక్రం సైజు, సీటు ఆకారం, చైను కవరు. రైడర్ నడపడానికి సరదాగానే ఉంటుంది కానీ స్ప్లిట్ సీటు (రెండు ముక్కల సీటు) రకంలో వెనక భాగం లేచి ఉంటుంది, మేత బస్తా దాని మీద కుదురుగా కూర్చోదు. అందుకని అది ట్రయల్ దాకా రాకుండానే పోయింది. టౌన్లోనే తిరిగే కాలేజీ కుర్రాడికైతే లెక్క వేరు.

ధరలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. అంతకుముందు తీసిన కొటేషన్లు, వీడియోల్లో చెప్పిన రేట్లు ఇప్పుడు పనికిరావు. కొటేషన్ మీద తేదీ లేకపోతే వేయించుకోవాలి.

ఏ రోజు పోవాలి

మంగళవారం, శనివారం బండి కొనేవాళ్లు తక్కువ. శనివారం ఇనుము ఇంటికి తేకూడదని కొందరి నమ్మకం, మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదని ఇంకొందరిది. కాబట్టి ఆ రోజుల్లో సేల్స్ వాళ్లకి తీరిక ఉంటుంది. ఆషాఢం కూడా అంతే. దసరా ముందు వారమో, శ్రావణ శుక్రవారమో పోయి ట్రయల్ అడిగితే షోరూము ముందర గుండ్రంగా ఒక చుట్టు కొట్టించి దింపేస్తారు. వాళ్లనీ ఏమనలేం, లోపల డెలివరీకి పూలదండలేసిన బండ్లు వరుసలో ఉంటాయి.

పొద్దున షోరూము తీయగానే పోవడం మేలు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలంటే అదే సమయం. ముందు రోజే ఫోన్ చేసి 'రేపు పొద్దున వస్తాం, డెమో బండి స్టార్ట్ చేయకుండా ఉంచండి' అని చెప్తే చాలామంది ఉంచుతారు.

వెంట తీసుకెళ్లాల్సినవి: నడిపే మనిషి డ్రైవింగ్ లైసెన్సు (డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది), సొంత హెల్మెట్, రోజూ గుంటల మీద వేసుకునే చెప్పులో బూట్లో అవే, చిన్న టైరు గేజి, ఆరు అంగుళాల స్కేలు, వెనక కూర్చోడానికి ఒక మనిషి. బండి నడిపేది ఒకరు, ట్రయల్ తీసేది ఇంకొకరు అయితే ఆ ట్రయల్ దండగ.

డెమో బండిని ముందు మనిషిలా నిలబెట్టడం

మినీ బైపాస్ వైపు షోరూములో డెమోకి ఇచ్చిన బండి వేల కిలోమీటర్లు తిరిగినది. డెమో బండి ఎప్పుడూ అట్టే ఉంటుంది. రోజుకి పదిమంది తోలతారు, ఒక్కడూ గాలి చూడడు, చైనుకి నూనె వెయ్యడు. దాన్ని ఉన్నదున్నట్టు నడిపితే బండి గుణం తెలియదు, షోరూము నిర్వాకం తెలుస్తుంది. అందుకని ఎక్కేముందు పది నిమిషాలు దాని మీద పెట్టాలి.

మొదట నంబర్ ప్లేటు. డీలరు ట్రేడ్ సర్టిఫికెట్ (రిజిస్టర్ కాని బండిని డీలరు రోడ్డు మీద తిప్పుకునే అనుమతి) మీద నడిచే బండికి ఎర్ర ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. ఆ ప్లేటు లేని బండిని, 'ఏం కాదు నా, పక్క సందులోనే గదా' అన్నా సరే, రోడ్డెక్కించకూడదు. ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

తర్వాత ఇంజన్ కేసు మీద చెయ్యి. వెచ్చగా ఉంటే అప్పటికే ఎవరో స్టార్ట్ చేశారని అర్థం, కోల్డ్ స్టార్ట్ పరీక్ష పోయినట్టే. చల్లగా ఉంటే తాళం తిప్పి ఆగాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు పంపు ఒకటి రెండు సెకన్లు సన్నగా మూలిగి ఆగుతుంది, ఇంజన్ లైటు వెలిగి ఉంటుంది. ఆ పంపు చప్పుడు ఆగాకే సెల్ఫ్ నొక్కాలి. యాక్సిలరేటర్ తిప్పకుండానే అందుకోవాలి. అందుకుని ఊగిసలాడకుండా నిలవాలి. స్టార్ట్ అయ్యాక ఇంజన్ లైటు ఆరకపోతే ఆ బండి వద్దని ఇంకో డెమో అడగాలి.

టైరు గాలి తక్కువ ఉండటం డెమో బండ్లలో మామూలే. చైను కవరు మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) మీదో స్టిక్కరు ఉంటుంది, దాని ప్రకారం కొట్టించాలి. ముందు టైరులో ఐదారు పీఎస్ఐ తగ్గినా హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో బండి మొండికేస్తుంది. అది చూసి 'ఈ బండి తిరగడం లేదు' అని తీసిపారేసేవాళ్లు బోలెడుమంది.

చైను: సెంటర్ స్టాండ్ వేసి, కింది వైపు చైనుని మధ్యలో పైకీ కిందికీ ఆడిస్తే మొత్తం ఆట సుమారు 20 నుంచి 30 మి.మీ. ఉండాలి. ఫుల్ కవరు ఉన్న బండ్లలో కింద రబ్బరు మూత ఉంటుంది, దాన్ని తీసి వేలితో చూడాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి, ఒక చోట బిగువు ఒక చోట వదులు ఉంటే చైను సాగిపోయింది. వదులు చైనుతో గేరు మార్చినప్పుడల్లా టక్కుమంటుంది, దాన్ని గేర్‌బాక్సు మీద వేయకూడదు.

క్లచ్ లీవరు కొసలో 10 నుంచి 20 మి.మీ. ఆట (పట్టకముందు ఖాళీగా కదిలే దూరం) ఉండాలి. ముందు బ్రేకు లీవరుకీ అంతే. వెనక బ్రేకు పెడలుకి 20 నుంచి 30. స్కేలు పెట్టి చూడటానికి సిగ్గుపడక్కర్లేదు, రెండు నిమిషాల పని. క్లచ్ ఆట లేకపోతే ప్లేట్లు జారతాయి, బండి లాగడం లేదనిపిస్తుంది. ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, న్యూట్రల్ దొరక్క చావగొడుతుంది. మన డెమోలో క్లచ్ ఆట ఎక్కువగా ఉంది. షోరూము వెనక సర్వీసులో కేబుల్ నట్టు తిప్పించాక న్యూట్రల్ సులువుగా పడింది.

కాంబీ బ్రేకు సంగతి విడిగా చూడాలి. 125 సీసీ, అంతకు లోపు బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఇది గానీ, చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. వెనక పెడలు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పట్టాలి. చూడటం తేలిక: సెంటర్ స్టాండ్ వేసి ఒకరు వెనక భాగాన్ని కిందికి నొక్కిపడితే ముందు చక్రం లేస్తుంది. దాన్ని చేత్తో తిప్పి, ఇంకొకరు పెడలు తొక్కాలి. చక్రం నెమ్మదించకపోతే కేబుల్ సర్దుబాటు లేదు. అది కనెక్ట్ అయి ఉందో లేదో సేల్స్ కుర్రాళ్లలో చాలామందికి తెలియదు, మెకానిక్‌నే పిలవాలి.

ఎక్కకముందు: తొయ్యడం, స్టాండు, కాళ్లు

గుంటల మీద బండిని నడిపేదానికంటే తోసేదే ఎక్కువ అనిపించే రోజులుంటాయి. కాబట్టి ఇంజన్ ఆపి, న్యూట్రల్లో, షోరూము ర్యాంపు మీదికి తోసి చూడాలి. 99 కిలోలకీ 112 కిలోలకీ తేడా కాగితం మీద పదమూడే. ర్యాంపు ఎక్కించేటప్పుడు మాత్రం మోచేతులకి తెలుస్తుంది. ఈ ఒక్క పరీక్షలో షైన్ 100 అందరికంటే ముందుంది.

సెంటర్ స్టాండు: కుడికాలితో స్టాండు చెవి తొక్కి, దాని రెండు కాళ్లూ నేలకి ఆనాయని చూసుకుని, పట్టు కడ్డీ దగ్గర కుడిచెయ్యి పట్టి, ఒంటి బరువంతా కాలి మీద వెయ్యాలి. చేత్తో ఎత్తితే నడుం పడుతుంది. పంక్చరైతే గట్టు మీద ఇది ఒక్కడే చేసుకోవాలి కాబట్టి, నడిపే మనిషి చేతే చేయించాలి.

సైడ్ స్టాండు కొస చిన్నది. సిమెంటు నేల మీద ఇబ్బంది లేదు, తడి గట్టు మీద దిగబడి బండి గుంటవైపు ఒరుగుతుంది. కొసకి చిన్న ఇనుప పలక వెల్డింగ్ చేయించాలి. పలక వెడల్పు ఎక్కువైతే ఎడమవైపు వంగినప్పుడు నేలకి గీసుకుంటుంది. 6 సెం.మీ. దాటనివ్వొద్దు. స్టాండు వేసి ఉండగా గేరు వేస్తే ఇంజన్ ఆగే స్విచ్ ఉన్న బండ్లలో, ఆ స్విచ్ వైరు వెల్డింగ్ వేడికి కాలకుండా విప్పి పక్కకి తీయించాలి.

సీటు ఎత్తు కొలత ఒక్కటే చాలదు. 785 మి.మీ. సీటు మీద ఐదు అడుగుల నాలుగు అంగుళాల మనిషి కూర్చుంటే పాదం ముందుభాగం పూర్తిగా ఆనుతుంది, మడమ కొంచెం లేస్తుంది. అదే సీటు ముందువైపు సన్నగా ఉంటే మడమ కూడా ఆనుతుంది. కాబట్టి ట్యాంకుకి దగ్గరగా జరిగి కూర్చుని చూడాలి. ప్లాటినా సీటు మెత్తన, రోడ్డు మీద సుఖం, కానీ ఎత్తు ఎక్కువ. గట్టు ఒకవైపు పల్లంగా ఉంటే ఆ వైపు కాలు అందక బండి పడిపోతుంది. దీన్ని షోరూములోనే పరీక్షించొచ్చు: బండిని ఫుట్‌పాత్ అంచు పక్కన నిలిపి, ఎక్కి, పల్లం వైపు కాలు దించాలి. ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఇక్కడే ప్లాటినా పోయింది, మన మనిషి ఎత్తుకి. ఐదు అడుగుల ఎనిమిది అంగుళాలవాడికైతే అదే మొదటి ఎంపిక అయ్యేదేమో.

హ్యాండిల్ చివరిదాకా తిప్పి మోకాలు తగులుతుందేమో చూడాలి. సందులో కాలు దించకుండా వెనక్కి తిరగగలిగితే గట్టు మీద తిప్పుకోవచ్చు.

రోడ్డు మీద

'ఎంత దూరం పోనిస్తారు?' అని అడిగితే మొదటి జవాబు 'ఆ మలుపుదాకా పోయి రండి సార్' అనే వస్తుంది. 'నడిపేది వీడు, వెనక నేనూ ఎక్కుతా. అండర్‌బ్రిడ్జి దిగి ఎక్కి వస్తాం. నువ్వు పక్కన నీ బండి మీద రా నా' అంటే ఒప్పుకుంటారు. సేల్స్ మనిషి ఇంకో బండి మీద తోడు వస్తే వాళ్లకి భయం ఉండదు, మనకి తొందర ఉండదు.

మొదటి అరకిలోమీటరు ఏ పరీక్షా పెట్టకూడదు. బ్రేకులు ఎక్కడ పడతాయో, గేర్లు ఎటు పడతాయో కాలికి అలవాటు కావాలి. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకి తొక్కడమే. 125 సీసీ బండ్లలో ఎక్కువభాగం ఒకటి కిందికి, మిగిలినవి పైకి. ఇన్నాళ్లూ ఒక రకానికి అలవాటుపడ్డ కాలు ఇంకో రకం బండి ఎక్కితే మూడో గేరు అనుకుని మొదటి గేరులో పడేసి వెనక చక్రాన్ని కీచుమనిపిస్తుంది. ఆ రకం మార్పుకి మనిషి సిద్ధమో కాదో కొనకముందే తేల్చుకోవాలి.

తర్వాత నెమ్మది వేగం. రెండో గేరులో, క్లచ్ పూర్తిగా వదిలి, 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంలో పోనివ్వాలి. బండి గుంజుకోకుండా నడిస్తే గట్టు మీద క్లచ్ ప్లేట్లు అరగదీయకుండా పనవుతుంది. చిన్న ఇంజెక్షన్ బండ్లు ఈ వేగంలో యాక్సిలరేటర్ కొంచెం తెరిచి మూసేటప్పుడు ఒక కుదుపు ఇస్తాయి. కొంత సహజం, చైను వదులుంటే రెట్టింపవుతుంది. అందుకే చైను ముందే చూసుకోమన్నది.

నెల్లూరు టౌన్ని రైల్వే లైను రెండుగా కోస్తుంది కాబట్టి ఎటు పోయినా అండర్‌బ్రిడ్జి ఒకటి తగులుతుంది. ఎత్తు పరీక్షకి అది చాలు. వెనక మనిషిని ఎక్కించుకుని, పల్లంలో దాదాపు ఆగి, మళ్లీ ఎక్కాలి. రెండో గేరులో ఎక్కాలి, మొదటికి దిగాల్సి వస్తే రెండు బస్తాలతో కూడా దిగాల్సే వస్తుంది. స్ప్లెండర్, షైన్ 100 రెండూ రెండో గేరులో ఎక్కాయి. షైన్ కొంచెం చులాగ్గా.

స్పీడ్ బ్రేకర్ల మీద ఇద్దరు కూర్చుని 20 వేగంలో దాటాలి. వెనక షాకు అడుగుకి కొట్టుకుంటే టక్ అని నడుముకి తెలుస్తుంది. షాకు అడ్జస్టర్ ఏ మెట్టు మీద ఉందో ముందే చూసి ఉండాలి. అన్నిటికంటే మెత్తటి మెట్టు మీద పెట్టి ఇద్దర్ని ఎక్కించి 'షాకులు బాలేవు' అంటే అన్యాయం. రెండు మెట్లు బిగించి మళ్లీ దాటాలి.

గోతుల్లో 18 అంగుళాల చక్రం తేడా కనిపిస్తుంది. పెద్ద చక్రం గోతిలో తక్కువ దిగుతుంది, హ్యాండిల్‌కి కొట్టుడు తగ్గుతుంది. వానల తర్వాత మైపాడు రోడ్డు అంచులు తెలిసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

బ్రేకు: వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, 40 నుంచి రెండు బ్రేకులూ కలిపి. స్ప్లెండర్‌లో రెండువైపులా 130 మి.మీ. డ్రమ్ములు. డిస్కు అలవాటున్నవాడికి ముందు బ్రేకు మొద్దుగా తోస్తుంది. నిజమే, గట్టిగా పట్టాలి. కానీ డ్రమ్ములో ఉప్పు బురద నేరుగా పడదు, ఆ దారికి అదొక లాభం. నీళ్లలోంచి వచ్చాక మాత్రం డ్రమ్ము కొన్ని గజాలు పట్టదు. పెడలు మెల్లగా తొక్కి పట్టుకుని కాస్త దూరం నడిపితే వేడికి ఆరుతుంది.

50 దాటాక అద్దాలు చూడాలి. వెనక లారీ లారీలా కనిపిస్తే సరి, మసక ముద్దలా కనిపిస్తే అదురు ఎక్కువ. ఆపినప్పుడు ఐడిల్ స్టాప్ ఉన్న బండి దానంతటదే ఆగి, క్లచ్ పట్టగానే లేస్తుంది. నచ్చకపోతే స్విచ్ ఉంది, ఆపేసుకోవచ్చు.

బస్తాల లెక్క

షోరూము ట్రయల్లో మేత బస్తా ఎక్కించనివ్వరు. కానీ ఈ బండి బతుకంతా బస్తాలతోనే కాబట్టి, మనిషినే బస్తాగా వాడుకోవాలి. వెనక మనిషిని మొదట నడిపేవాడికి ఆనుకుని కూర్చోబెట్టి 40 వేగంలో పోవాలి. తర్వాత సీటు చివరికంటా జరిపి అదే వేగంలో పోవాలి. రెండోసారి హ్యాండిల్ తేలికై, చిన్నగా అటూఇటూ ఊగడం మొదలవుతుంది. బరువు వెనక ఇరుసు దాటి వెనక్కి పోయేకొద్దీ ముందు చక్రం మీద భారం తగ్గుతుంది, అది నేలని పట్టుకోవడం తగ్గిస్తుంది. బస్తాని సీటుకి అడ్డంగా, క్యారియరు మీద వేలాడేలా కట్టేవాళ్లు కిందపడేది ఈ కారణంతోనే.

బస్తాలు పొడుగ్గా, సీటు మీదే, ఇరుసు కంటే ముందుకి వచ్చేలా పెట్టాలి. ట్యాంకు ముందర పెట్టే అలవాటు చాలామందికి ఉంది. హ్యాండిల్ పూర్తిగా తిరగదు, గట్టు మలుపులో బస్తాతో సహా గుంటలోకే.

ఎన్ని బస్తాలు? ఈ తరగతి బండ్లు మోయదగ్గ బరువు 130 కిలోల చుట్టూ ఉంటుంది, నడిపే మనిషి కూడా ఆ లెక్కలోనే. 65 కిలోల మనిషి, రెండు బస్తాలు 50: మొత్తం 115. మూడో బస్తాతో 140. గుంటల మీద నాలుగు వేసుకుపోయేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల బండ్లకి వెనక చక్రం బేరింగులు, షాకు బుష్షులు, చైను స్ప్రాకెట్లు ఎన్నాళ్లు ఉంటున్నాయో మెకానిక్‌ని అడిగితే చెప్తాడు. రెండు బస్తాలతో పోయేరోజు వెనక టైరుకి ఇద్దరు మనుషులకి స్టిక్కరు మీద ఇచ్చిన గాలి పెట్టాలి, ఒక్క మనిషికి ఇచ్చింది కాదు.

తేల్చింది

స్ప్లెండర్ ప్లస్. తోయడానికి షైన్ 100 తేలిక, అండర్‌బ్రిడ్జి మీదా చురుకు. కానీ గోతుల్లో 18 అంగుళాల చక్రం, ఇందుకూరుపేట నుంచి సముద్రందాకా ఏ ఊళ్లో ఆగినా క్లచ్ కేబులో బ్రేకు షూలో దొరకడం, రెండూ కలిసి త్రాసుని ఇటు మొగ్గించాయి. ఆడవాళ్లు నడిపేదైనా, మోసే పని లేకపోయినా ఇదే డైరీ షైన్ దగ్గర ఆగేది.

ఆన్-రోడ్ కాగితం

కొటేషన్‌లో ఒక్కో వరుసా విడిగా రాయించాలి. ఎక్స్-షోరూము ధర, లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్. ఈ నాలుగూ న్యాయమైనవి. మోటారు సైకిలు రిజిస్ట్రేషన్ ఫీజు 300 రూపాయలు, ఫైనాన్స్ ఉంటే హైపోథికేషన్‌కి (బండి మీద అప్పుందని ఆర్సీలో రాయించడానికి) 500. 'హ్యాండ్లింగ్', 'లాజిస్టిక్స్' అని ఏదైనా కనిపిస్తే దేనికని అడిగి కొట్టేయించాలి. అడిగినవాళ్లకి చాలాసార్లు తీసేస్తారు.

ఇన్సూరెన్స్: 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) తప్పదు. 75 దాటి 150 సీసీ లోపు బండికి అది 3,851 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 4,544. ఇది ఏ కంపెనీలోనైనా ఒకటే. తేడా వచ్చేది ఓన్ డ్యామేజీ (మన బండికి జరిగే నష్టం), యాడ్-ఆన్ల దగ్గరే. పాలసీ షోరూములోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు, బయట రేటు తెచ్చి చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు.

హెల్మెట్, వెనక కూర్చునేవాళ్లకి పట్టు కడ్డీ, చీర చక్రంలో పడకుండా గార్డు: ఈ మూడూ కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉన్నవే. యాక్సెసరీస్ పేరుతో వీటికి డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు. క్రాష్ గార్డు, సీటు కవరు, టెఫ్లాన్ కోటింగ్ మన ఇష్టం. మన దారికి క్రాష్ గార్డు తీసుకున్నాం, టెఫ్లాన్ వదిలేశాం. పెయింటు మెరుపు గుంటల మీద ఎవడు చూస్తాడు, తుప్పు పట్టేది పెయింటు లేనిచోటే.

అప్పు తీసుకునేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. 80,000 అప్పు, 'పది శాతం ఫ్లాట్', 24 నెలలు అంటే వడ్డీ 16,000, నెలకి 4,000. అసలు తీరుతూ పోతున్నా వడ్డీ మొత్తం మీదే వేస్తున్నారు కాబట్టి, తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది 18 శాతం పైచిలుకు. బ్యాంకు చెప్పే 12 శాతంతో దీన్ని పోల్చేటప్పుడు ఈ రెండో అంకెనే పెట్టాలి.

డెలివరీకి ముందు బండి చూడటం

డబ్బు పూర్తిగా కట్టకముందే, ఏ బండి ఇస్తారో దాని ఛాసిస్ నంబరు అడిగి గోడౌన్లోనే చూడాలి. ఛాసిస్ నంబర్లో పదో అక్షరం తయారైన సంవత్సరం చెప్తుంది: ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టి అంటే 2026. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం: 1825 అంటే 2025లో 18వ వారం. ఛాసిస్ కొత్తదై టైర్లు ఏడాది పాతవైతే అడగాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో గోడౌన్లో నెలల తరబడి నిలిచిన బండికి స్పోకుల మూలాల్లో, సైలెన్సర్ కింద, ఫుట్‌రెస్టు బోల్టుల మీద తుప్పు చుక్కలు మొదలై ఉంటాయి. టార్చిలైటు కింద పెట్టి చూస్తే చాలు. ఎలాగూ మన దారికి స్పోకులు వద్దు, అల్లాయ్ చక్రాలే తీసుకోవాలి. వంగితే అల్లాయ్ సరిచేయడం కష్టమే, కానీ ఉప్పు నీళ్లలో స్పోకు నిపుల్స్ (స్పోకు బిగించే చిన్న నట్లు) తుప్పుపట్టి బిగుసుకుపోయి తిరగవు.

బ్యాటరీ మీద మీటరు పెట్టించాలి. ఇంజన్ ఆపి ఉండగా 12.5 ఓల్టులు పైన, నడుస్తుండగా 14 అటూఇటూ. ఆయిల్: సెంటర్ స్టాండ్ మీద డిప్‌స్టిక్ తీసి తుడిచి, మరలు బిగించకుండా ఊరికే దించి తీయాలి. రెండు గీతల మధ్య ఉండాలి. మర బిగించి చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. డెమోకి చూసినట్టే లీవర్ల ఆట, చైను, కాంబీ బ్రేకు మళ్లీ ఇక్కడా.

ట్యాంకులో బంకుదాకా పోయేంత పెట్రోలే పోస్తారు. నేరుగా బంకుకే. ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. రిజర్వులో పడ్డాక ఊళ్లు తిరిగే పాత కార్బురేటర్ అలవాటు మానుకోవాలి.

నంబరు ఏపీ 26 రాదు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 మొదలైనప్పటినుంచి నెల్లూరోళ్ల బండిని ప్లేటు చూసి పట్టడం కుదరడం లేదు.

నడక మొదలు

మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంలో గంటల తరబడి పోవడం, పూర్తి యాక్సిలరేటర్, రెండు బస్తాలు, మూడూ వద్దు. వేగం మారుతూ ఉంటే పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి చక్కగా కూర్చుంటాయి. ఆ తర్వాతే బస్తాలు. ఫస్ట్ సర్వీసు మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకో, రోజులకో, ఏది ముందైతే దానికి చేయించాలి. ఆ మొదటి ఆయిల్లో కొత్త గేర్ల నుంచి రాలిన లోహపు పొడి మెరుస్తూ కనిపిస్తుంది, వాయిదా వేస్తే అదే తిరుగుతూ ఉంటుంది. ఆయిల్ 10డబ్ల్యూ-30 రకం. మార్చేటప్పుడు దగ్గర నిలబడి డబ్బా సీలు తెరవడం చూడాలి.

మైలేజీకి మీటరు అంకె నమ్మకుండా, సెంటర్ స్టాండ్ మీద మెడదాకా నింపి, 200 కిలోమీటర్లు దాటాక అదే బంకులో అదే మెడదాకా నింపి, కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించాలి. రన్-ఇన్ (కొత్త ఇంజన్ కుదురుకోవడం) అయ్యేదాకా వచ్చే అంకె లెక్కలోకి రాదు.

ఉప్పుకి మందు: గట్టు నుంచి వచ్చిన సాయంత్రమే మంచినీళ్లతో చక్రాలు, స్వింగ్ ఆర్మ్, సైలెన్సర్ కింద కడగాలి. ప్రెషర్ గన్ హబ్బు మీద, హ్యాండిల్ స్విచ్చుల మీద పెట్టనివ్వొద్దు, బేరింగుల గ్రీజు కొట్టుకుపోతుంది. చైనుకి ఎస్ఏఈ 90 గేరు ఆయిల్, 500 కిలోమీటర్లకొకసారి, వానల్లో ఇంకా ముందే. కవరు రబ్బరు మూత తీసి, చక్రం వెనక్కి తిప్పుతూ చుక్క చుక్కగా. బ్యాటరీ కొసలకి వ్యాసలిన్. సైలెన్సర్ అడుగున సన్నటి నీటి రంధ్రం ఉంటుంది, బురద పట్టి మూసుకుంటే లోపల నిలిచిన నీళ్లు దాన్ని లోపలినుంచే తినేస్తాయి. పుల్లతో పొడిచి తెరవాలి.

ఫస్ట్ సర్వీసులో ముందు బ్రేకు ఆట సరిచేశారు, కాంబీ కేబుల్ మాత్రం వదిలేశారు. చక్రం లేపి చూపిస్తే అప్పుడు బిగించారు. ఇంకా మిగిలినవి సైడ్ స్టాండు పలక వెల్డింగ్, బస్తాలు జారకుండా సీటు వెనక పెట్టే తక్కువ ఎత్తు కడ్డీ. కడ్డీకి జీఐ పైపు, గాల్వనైజ్డ్ బోల్టులే వాడాలి. మామూలు బోల్టులు మైపాడు గాలికి ఒక్క వానాకాలంలోనే స్పానరుకి లొంగకుండా పోతాయి.